పెంటకు కూడ ఒక లెక్కుంటది

మూడేండ్ల కింద మా ఇంటెనుక పెరడును నా చేతులతోని నేనే కాలవెట్టిన. అగ్గిపుల్ల గియ్యలేదు. ఎరువు వేసే కాలవెట్టిన.

పెరడు పెద్దదేం కాదు. గుంట జాగ, అంటే 121 గజాలు. ఎర్ర చల్క నేల. అమ్మ చేతిల ఉన్నన్ని దినాలు అండ్ల పుంటికూర, బెండ, బీర, చిక్కుడు మంచిగనే కాసినయి. ఆమెకు మోకాళ్ల నొప్పులు మొదలైనంక పెరడు నా చేతికొచ్చింది. మందు సంచి ఇంట్లకు రానియ్యద్దు, అంతా సేంద్రియమే అని ఒట్టు పెట్టుకున్న. మృగశిరకు ముంగట ఒక కోళ్ల ఫారం కాడికి పోయి సగం ట్రాక్టర్ పెంట తెచ్చి పోయించిన. కుప్పల నుంచి ఇంక ఆవిరి లేస్తనే ఉన్నది. ముక్కు మూసుకునేటంత ఘాటు. ‘వాసన ఎంతుంటే బలం అంత’ అన్నడు ట్రాక్టర్ పిలగాడు. నేనూ నమ్మిన. మొత్తం పరిచి, పారతోని తిరగేసి, తొలి వానకే ఇత్తనాలు పెట్టిన.

అండ్ల అమ్మ దాచుకున్న చిక్కుడు ఇత్తనాలు ఉన్నయి. ఆమె తల్లిగారింటి నుంచి తెచ్చుకున్నయి. ఎర్రంచు ఉండే ఎడల్పు కాయ. యేటేటా పిడికెడు గింజలు బూడిదల కలిపి చిన్న కుండల పెట్టేది. ఆ యేడు ఒక్క గింజ దాచకుంట నేను మొత్తం పెట్టేసిన. సగం మొలవనే లేదు. మొలిచినయి రెండాకులేసి, అంచులు కాలి, ముడుచుకున్నయి. పది పన్నెండు దినాలల్ల ఒక్కటి మిగల్లేదు. బెండ కూడ గట్లనే పోయింది.

అమ్మ ఏం తిట్టలేదు. ‘ఆకలైనోనికి కంచంల వెడ్తరు గని, గంజుల ముంచుతరా కొడుకా’ అన్నది.

అప్పటి నుంచి ఈ సంగతి వెంటపడి నేర్చుకున్న. సేంద్రియం అంటే ఎంతేసినా ఏం కాదు అనుకునుడే తప్పు. పెంట కూడ ఎరువే. దానికీ కొలత ఉన్నది, మాగే టైం ఉన్నది. ఇప్పుడు ఊర్లె పెరట్లు, పట్నంల మిద్దెతోటలు పెరుగుతున్నయి. నా లెక్క తప్పు ఇంకొకరు చెయ్యద్దని ఇది రాస్తున్న.

సగం ట్రాక్టర్‌ల ఎంత బలం ఉన్నది?

మాగిన పశువుల పెంట 100 కిలోలల్ల నత్రజని అర కిలో దాక ఉంటది. కోళ్ల పెంటల 3 కిలోల దాక ఉంటది. రెండూ పెంటలే, గని బలంల ఒకటి ఇంకొకదానికి ఆరింతలు.

కూరగాయలకు ఎకరాకు 8 నుంచి 10 టన్నుల మాగిన పశువుల ఎరువు వెయ్యాలె అని చెప్తరు. 10 టన్నులను 40 గుంటలకు పంచితే గుంటకు 250 కిలోలు. గజానికి 2 కిలోలు. ఆ 250 కిలోలల్ల ఉండే నత్రజని కిలోంబావు. అది సుత ఒక్కసారి రాదు. మొదటి పంటకు మూడొంతులల్ల ఒక వంతు అందుతది, మిగిలింది మెల్లమెల్లగ తర్వాతి పంటలకు వస్తది.

నేను పోసింది తక్కువల తక్కువ 1,500 కిలోలు. 3 శాతం లెక్కన 45 కిలోల నత్రజని. ఇప్పుడొచ్చే యూరియా బస్తా 45 కిలోలు. అండ్ల నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైన జర. ఈ లెక్కన నేను ఒక్క గుంటల రెండు బస్తాల యూరియా గుమ్మరించినట్టు. ఉనుక, తేమ తీసేసి సగమే లెక్కేసినా ఒక బస్తా. మందు సంచి ఇంట్లకు రానియ్యనని ఒట్టు పెట్టుకున్నోడు చేసిన పని ఇది.

పచ్చి కోళ్ల పెంటల నత్రజని బిరాన అమ్మోనియాగ మారుతది. ముక్కుకు తగిలే ఘాటు అదే. అది లేత వేరును, మొలకను కాలుస్తది. పెంటల ఉప్పులు కూడ ఎక్కువ. మామిడి ముక్కలకు ఉప్పు కలిపితే ఊట ఎట్ల బయటికొస్తదో, మట్టిల ఉప్పు ఎక్కువైతే వేరుకు నీళ్లు అందుడు అట్ల కష్టమైతది. పైన వాన పడ్తనే ఉంటది, మొక్క మాత్రం దూపతోని సచ్చిపోతది.

తక్కువ బలమున్నది కూడ దెబ్బ తీస్తది

నాది ఒక తీరు తప్పు. మా పక్కింటాయనది దానికి ఉల్టా. ఆయన వరిగడ్డి, కట్టెపొట్టు, సగం మాగిన పెండ కలిపి మట్టిల తిరగేసి మిరప నారు నాటిండు. మొక్కలు కాలలేదు గని పసుపుపచ్చగ మారి, గిడసబారి, ఎదగకుంట నిలబడ్డయి.

మట్టిల కంటికి కనవడని సూక్ష్మజీవులు కోట్లల్ల ఉంటయి. గడ్డిని, ఆకును మాగవెట్టేది అవే. వాటికి తినడానికి కర్బనం కావాలె, ఒళ్లు పెంచుకోవడానికి నత్రజని కావాలె. 25 నుంచి 30 వంతుల కర్బనానికి ఒక వంతు నత్రజని ఉంటే వాటి పని సాఫీగ నడుస్తది. పెండల ఈ లెక్క 20కి ఒకటి దగ్గర ఉంటది. వరిగడ్డిల 60కి పైన. కట్టెపొట్టుల అయితే వందలల్ల ఉంటది. నత్రజని లేని పొట్టు తెచ్చి మట్టిల కలిపితే ఆ జీవులు ఊకుంటయా? మట్టిల ఉన్న నత్రజనినే గుంజుకుంటయి. మిరప నోటికాడి బుక్క పోయింది గిట్లనే. పొట్టు మాగినంక ఆ నత్రజని మల్ల మట్టికే వస్తది గని, అప్పటికి మన పంట కాలం అయిపోతది.

గందుకే గడ్డి, ఎండాకు మట్టిల కలపద్దు, మట్టి మీద పరవాలె. పైన పరిస్తే నీడైతది, తేమ నిలబెడ్తది, కలుపును ఆపుతది, అడుగు నుంచి మెల్లగ మాగుతది. కలపాలనుకుంటే ముందుగాల కుప్పేసి మాగవెట్టాలె.

పచ్చి పెంట ఎందుకు వద్దంటరు?

పచ్చి పెంటతోని మొక్క కాలుడు ఒక్కటే కాదు. ఆవు, బర్రె తిన్న గడ్డిల ఉండే గింజలు కొన్ని అరగకుంట పెండలనే వస్తయి. పచ్చి పెండ వేసుడంటే కలుపు ఇత్తనాలు చల్లుకునుడే. మాగని పెంటకు చెదలు వస్తయి. పెంటకుప్పలల్ల కొమ్ము పురుగు గుడ్లు పెడ్తది. తెల్లగ, లావుగ, ముడుచుకొని ఉండే పిల్ల పురుగులు గవే. పెంట మోసేటప్పుడు కనవడితే ఏరి కోళ్లకు వెయ్యాలె.

అన్నిటికంటె పెద్ద సంగతి రోగాలు. పచ్చి పెంటల మనిషికి విరేచనాలు తెచ్చే క్రిములు ఉంటయి. కొత్తిమీర, పుదీన, ముల్లంగి, ఉల్లాకు మనం పచ్చిగనే తింటం. అమెరికా సేంద్రియ సాగు నియమాలల్ల దీనికి ఒక గీత గీసిండ్రు. మాగని పశువుల పెంట వేస్తే, మట్టికి తగిలే పంటను 120 దినాల దాక కొయ్యద్దు. మట్టికి తగలని పంటకు 90 దినాలు. మనకు ఆ చట్టం లేకున్నా కడుపు ఒక్కతీరే కద. కొత్తిమీర 40, 50 దినాలల్ల కోతకొస్తది. అంటే కొత్తిమీర మడిల పచ్చి పెంటకు తావే లేదు.

కుప్ప ఎట్ల వెయ్యాలె?

ఇండోర్‌ల ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త యశ్వంత్ వాడ్‌తోని కలిసి 1931ల ఒక పుస్తకం అచ్చేసిండు. చెత్త, పెండ, మూత్రం తడిసిన మన్ను, బూడిద పొరలు పొరలుగ వేసి, మధ్యమధ్యల తిరగేస్తే మూడు నెలలల్ల మంచి ఎరువు అయితదని అండ్ల రాసిండు. దాన్నే ఇండోర్ పద్ధతి అంటరు. మన పెంటకుప్పకు దీనికి తేడా ఒక్కటే. మనం కుప్ప పోసి యేడాది దాక మర్చిపోతం. ఆయన గాలి, తేమ చూసుకుంట తిరగేసిండు.

నేను చేసేది కూడ గదే, జర చిన్నగ. చెట్టు నీడల, నీళ్లు నిలవని మెరక జాగల కుప్ప వేస్త. పొడుగు, ఎడల్పు, ఎత్తు మూడు దిక్కుల మీటరుకు తక్కువ కాకుంట చూస్త. అంతకు చిన్నగుంటే లోపల వేడి నిలవది. అడుగున కంది కట్టె, పత్తి కట్టె ముక్కలు పరిస్తే గాలి ఆడుతది. ఆ మీద రెండు మూడు తట్టల ఎండాకుకు ఒక తట్ట పచ్చిది. పచ్చిదంటే కూరగాయల తొక్కలు, పచ్చి గడ్డి, కానుగ కొమ్మల ఆకు. ప్రతి పొర మీద పెండ నీళ్లు చల్లుత, గుప్పెడు పాత ఎరువు ఏస్త.

తేమ చూసుడు అలక. లోపలి నుంచి పిడికెడు తీసి గట్టిగ పిసకాలె. ఒకటి రెండు చుక్కలొస్తే సరిపోయినట్టు. ధార కారితే ఎక్కువైనట్టు, ఎండాకు కలపాలె. చెయ్యి తడి కాకుంటే నీళ్లు చల్లాలె. కుళ్లిన వాసనొస్తే గాలి అందుతలేదని అర్థం. ఘాటు వాసనొస్తే నత్రజని ఎక్కువైందని అర్థం. రెండిటికీ ఒకటే మందు, ఎండాకు వేసి తిరగేసుడు.

నాలుగైదు దినాలల్ల కుప్ప వేడెక్కుతది. నడుమల 55 నుంచి 65 డిగ్రీల దాక పోతది. రోగం క్రిములు, కలుపు గింజలు సచ్చేది ఈ వేడికే. కుప్ప నడుమల ఇనుప సువ్వ గుచ్చి పది నిమిషాలకు తీసి పట్టుకుంటే తెలుస్తది, చెయ్యి కాలాలె. వేడి నడుమనే ఉంటది గనుక పదిహేను దినాలకోసారి తిరగేసి, బయటిది లోపలికి, లోపలిది బయటికి మార్చాలె.

మాంసం, ఎముకలు, నూనె కూరలు వెయ్యద్దు. కుక్కలు, ఎలుకలు తవ్విపోస్తయి. తెగులు పట్టిన టమాట మొక్కలు, తుంగ గడ్డలు, గింజ పట్టిన కలుపు కూడ వద్దు. బూడిద గుప్పెడంటే గుప్పెడే. అండ్ల పొటాష్ ఉంటది గని, సౌడు నేలకు బూడిద ఎక్కువైతే సౌడు ఇంక పెరుగుతది. రాలిన ఆకును ఊడ్చి కాలవెట్టుడు మాత్రం బంద్ చెయ్యాలె. కర్బనం, నత్రజని పొగల పోయినంక చేతికి మిగిలేది గా బూడిదే.

మాగిందని ఎట్ల తెలుస్తది?

కుప్ప ఎత్తు సగానికి దిగుతది. రంగు కర్రెగ, ముదురు గోధుమగ మారుతది. ఏది ఆకో, ఏది తొక్కో గుర్తు పట్టరాదు. తొలి వాన పడ్డ మట్టి వాసన వస్తది. తిరగేసి నీళ్లు చల్లినా మల్ల వేడెక్కది.

ఇంక అనుమానం ఉంటే రెండు పరీక్షలు ఉన్నయి. తడి ఎరువు పిడికెడు ప్లాస్టిక్ కవర్ల వేసి, మూతి కట్టి మూడు దినాలు పెట్టాలె. విప్పితే మట్టి వాసనొస్తే మాగింది. కంపు కొడ్తే మాగలే. రెండోది, ఒక చిప్పల ఆ ఎరువు, ఇంకో చిప్పల మామూలు మట్టి పోసి పదేసి పెసర్లు పెట్టాలె. వారం దినాలల్ల రెండూ ఒక్కతీరుగ మొలిస్తే భయం లేదు. ఎరువు చిప్పల తక్కువ మొలిచినా, ఆకు అంచు కాలినా ఇంకో నెల ఆగాలె. పది పెసర్లు ఖర్చు పెట్టి చూసుకుంటే ఆ యేడు అమ్మ ఇత్తనాలు దక్కేటియి.

ఏది ఎంత? ఎప్పుడు?

మాగిన పశువుల ఎరువైతే గజానికి 2 కిలోలు. మేకల, గొర్రెల ఎరువు బలం ఎక్కువ, అర కిలో సాలు. మాగిన కోళ్ల ఎరువు పావు కిలోకు దాటద్దు. ఎర్రల ఎరువు ముప్పావు కిలో నుంచి కిలో. యాపపిండి 100 గ్రాములల్ల ఉండాలె. ఇవి ఒకదాని బదులు ఒకటి, అన్నీ కలిపి వేసేటియి కావు. తట్టలతోని అందాజ చెయ్యద్దు. ఒక్కసారి తట్ట నిండ నింపి తూకం వేసి చూసుకుంటే తర్వాత చెయ్యికే తెలుస్తది.

పంటను బట్టి కూడ తేడా ఉంటది. ఆకుకూరలు, సొర, గుమ్మడి, వంకాయ బాగ తింటయి. చిక్కుడు, అలసంద తక్కువ తింటయి. వాటి వేరు బుడిపెలల్ల ఉండే సూక్ష్మజీవులు గాలిల నత్రజనిని అవే పట్టిస్తయి. మట్టిల నత్రజని ఎక్కువుంటే ఆ బుడిపెలే సరిగ రావు.

నా పెరట్ల రెండో యేడు టమాట పెట్టిన. మొక్క నిలువెత్తు పెరిగింది, ఆకు ముదురు పచ్చగ గొడుగు లెక్క కమ్మింది, కాయ మాత్రం లేదు. లేత కొమ్మల నిండ పేనుబంక పట్టింది. మిగిలిన నత్రజని చేసిన పని అది. ఆఖరుకు పైమట్టి జర గీకి పక్క చెల్కల మక్కకు చల్లిచ్చిన. పెరట్ల కూడ మక్కనే వేసిన. బలాన్ని గుంజుడుల మక్కను మించింది తక్కువ. రెండు కాపులకు నేల దారికొచ్చింది. మీ కాడ ఎరువు ఎక్కువైందనిపిస్తే మీరూ గదే చెయ్యుండ్రి.

కుండీలల్ల, మిద్దె మీద పెంచేటోళ్లు ఉత్త ఎరువు నింపద్దు. రెండొంతుల మట్టికి ఒక వంతు మాగిన ఎరువు సాలు. ఉత్త ఎరువు నెలనెలకు కుంగుతది, ఉప్పులు కూడ పేరుకుంటయి.

వేర్లు కుళ్లే జాగల 9 కిలోల మాగిన పశువుల ఎరువుకు కిలో యాపపిండి, 100 నుంచి 200 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి, నీడల తడి గోనె కప్పి వారం పది దినాలు పెట్టి వెయ్యాలె. ఎండల మాత్రం పెట్టద్దు, అండ్ల ఉండేది జీవం.

ఇగ టైం సంగతి. ఏప్రిల్, మే నెలలల్ల చేన్ల నిండ చిన్న చిన్న పెంట కుప్పలు కనవడ్తయి. దున్నే దాక నెల, నెలన్నర ఎండల ఉంటయి. ఆ ఎండకు నత్రజని గాలిల కలుస్తది, మిగిలింది తొలి గాలివానకు కొట్టుకపోతది. అప్పుడు మనం వేసేది బరువే గని బలం కాదు. ఎరువు నీడల, కప్పి ఉంచాలె. ఇత్తనానికి పది పదిహేను దినాల ముంగట పరిచి, పరిచిన నాడే మట్టిల కలపాలె. కొట్టంల మూత్రం కూడ ఇడవద్దు. పెండల కంటె మూత్రంలనే నత్రజని ఎక్కువ. పశువుల కింద ఎండాకు, గడ్డి పరిచి, తడిసినంక కుప్పల వేస్తే అదంతా దక్కుతది.

జీవామృతం పోస్తున్నం, ఇగ ఎరువెందుకు అనేటోళ్లు కూడ ఉన్నరు. ఎకరాకు 200 లీటర్ల జీవామృతంల పడేది 10 కిలోల పెండ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి. పెండ, మూత్రం రెండిటిల నత్రజని కలిపినా పావు కిలో కాదు. దాన్ని సూక్ష్మజీవులను పెంచే తోడు లెక్కనే చెప్పిండ్రు. పాలుంటేనే కద తోడు పనిచేసేది. మట్టిల ఆకు, ఎరువు ఉండాలె.

ఎక్కువైంది యాడికి పోతది?

ఎక్కువ వేస్తే ఏమైతది, మట్టిలనే ఉంటది కద అనుకుంటం. ఉండది. మొక్క తాగని నత్రజని నైట్రేట్‌గ మారి నీళ్లతోని కిందికి దిగుతది. చల్క నేలల ఇంక బిరాన దిగుతది. మన పెరట్లనే మన బోరు ఉంటది. తాగే నీళ్లల్ల నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటద్దని మన దేశ ప్రమాణం. దాటితే పసిపిల్లలకు ప్రమాదం. పెంటకుప్పను బోరుకు, బాయికి దూరం పెట్టాలనేది ఇందుకే. భాస్వరం ఉల్టా, కిందికి పోదు, పేరుకుంటది. యేటేటా కోళ్ల ఎరువే వేస్తే భాస్వరం పెరిగి మొక్కకు జింకు, ఇనుము అందవు. ఒక యేడు కోళ్లది వేస్తే రెండేండ్లు పశువులదో, ఆకు ఎరువో వెయ్యాలె.

వీటన్నిటికి మూలం మట్టి పరీక్ష. పెరట్ల ఎనిమిది పది తావులల్ల జానెడు లోతు గుంత తీసి, పై నుంచి కింది దాక అంచు మట్టి గీకి, అన్నీ కలిపి, అర కిలో నీడల ఆరవెట్టి ఇస్తే సాలు. కాయితంల సేంద్రియ కర్బనం అని ఉంటది. 0.5 శాతానికి తక్కువుంటే నేల పేదది. 0.75 దాటితే మంచిది. మన ఎండలకు మట్టిల కర్బనం జల్ది కరుగుతది. గందుకే ఒక్కసారి ట్రాక్టర్ గుమ్మరిస్తే నేల బాగుపడదు. యేటేటా కొంచెం కొంచెం వేసుకుంట, పైన ఆకు కప్పుకుంట పోవాలె.

పోయినేడు ఒక పెండ్లిల మా చిన్నమ్మ కలిసింది. మాటల్ల చిక్కుడు సంగతి వచ్చింది. ఎర్రంచు చిక్కుడు ఆమె పెరట్ల ఇంక కాస్తున్నదట, అమ్మ ఇచ్చిన గింజలే. పన్నెండు గింజలు కొంగున కట్టి పంపింది. ఎనిమిది పెట్టిన, నాలుగు దాచిన. ఒక్కో పాదుకు రెండు దోసిళ్ల మాగిన ఆకు ఎరువు, అంతే. ఏడు మొలిచినయి. సంక్రాంతి దాటినంక కూడ కాసినయి. అమ్మ ముదురు కాయలు ఒలిచి, గింజలు రెండు కుండలల్ల పెట్టింది. ఒకటి మా ఇంట్ల ఉన్నది. ఇంకోటి పక్కింటాయనకు ఇచ్చింది.